రంగు వేసిన విమానపు గుడ్డ మీద మొండి టేపు బంక తీయడం ఎలా

కర్నూలు, కడప, అనంతపురం వైపు మే నెలలో షెడ్డు బయట రెండు రోజులు నిలబెట్టిన విమానం మీద మాస్కింగ్ టేపు మరిచిపోతే ఏమవుతుందో ఇక్కడ పనిచేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. లాగితే పైన కాగితం పేలికలై చేతికొస్తుంది, కింద బంక గోధుమరంగు చారలా మిగిలిపోతుంది. లోహపు విమానమైతే ఏదో ఒక థిన్నర్‌తో తుడిచి పడేయొచ్చు. గుడ్డ రెక్కల మీద ఆ పని చేస్తే బంకతో పాటు రంగూ పోతుంది. ఆ కింద వెండి రంగు పూత, ఇంకా రుద్దితే గుడ్డ పోగులు బయటపడతాయి.

అందుకని ఒక్క విషయం పట్టుకుని పని మొదలుపెట్టండి. ద్రావకాన్ని బంకను చూసి ఎంచుకోకూడదు, బంక కింద ఉన్న రంగును చూసి ఎంచుకోవాలి. బంక ఈరోజు పోకపోతే రేపు పోతుంది. రంగు పోతే మాత్రం అతుకు పని, మళ్లీ పూతలు, ఇంజనీర్ సంతకం దాకా వెళ్తుంది.

ఇక్కడ చెప్పేదంతా పాలియెస్టర్ గుడ్డను ఫ్రేమ్ మీద బిగించి, వేడితో ముడిపించి, పూతలు వేసి, పైన రంగు కొట్టిన విమానాలకు. హెచ్.ఏ.ఎల్. తయారుచేసిన పుష్పక్, పైపర్ కబ్ జాతి విమానాలు, కొన్ని మైక్రోలైట్లు (బాగా తేలికైన చిన్న విమానాలు) ఈ కోవలోకి వస్తాయి. ట్రైక్‌లకు (తెరచాప రెక్క కింద మూడు చక్రాల బండి వేలాడే రకం), హ్యాంగ్ గ్లైడర్లకు వాడే రంగు వేయని తెరచాప గుడ్డకు ఇది వర్తించదు. ఆ గుడ్డకు బిరుసునిచ్చే రెజిన్‌ను ద్రావకాలు దెబ్బతీస్తాయి. దాని మీద సబ్బునీళ్లు తప్ప ఇంకేదీ వాడకండి.

ముందు రంగు ఏదో తేల్చుకోండి

లాగ్‌బుక్ తీసి గుడ్డ ఎప్పుడు మార్చారో, ఏ పద్ధతిలో పూతలు వేశారో చూడండి. డోపు (విమానపు గుడ్డకు వేసే లక్క లాంటి పూత) అని ఉంటే నైట్రేట్, బ్యూటిరేట్ పూతలు. పాలీఫైబర్ పద్ధతి, పాలీటోన్ అని ఉంటే వినైల్ రంగు. ఏరోథేన్ లాంటి పేరు గానీ, టూ ప్యాక్ పీయూ (రెండు డబ్బాలవి కలిపి వేసేది) అని గానీ ఉంటే గట్టిపడిన పాలీయురెథేన్. మొదటి రెండూ ఆరిన తర్వాత కూడా తమ ద్రావకంలో మళ్లీ కరుగుతాయి. ఎంఈకే, అసిటోన్ లాంటి ఘాటు ద్రావకాలు తగిలితే నిమిషంలో జిగటవుతాయి. పాలీయురెథేన్ రసాయనికంగా గట్టిపడుతుంది కాబట్టి చాలావరకు తట్టుకుంటుంది. అయితే కొత్తగా వేసిన పీయూ పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. నెల దాటని రంగును డోపులాగే మెత్తనిదనుకుని పనిచేయండి.

లాగ్‌బుక్‌లో స్పష్టంగా లేకపోతే చిన్న పరీక్ష ఉంది. పైకి కనబడని చోటు చూసుకోండి, ఫెయిరింగ్ (సందులను కప్పే నున్నటి తొడుగు) కింద గానీ, అడుగువైపు ఇన్‌స్పెక్షన్ మూత పక్కన గానీ. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లను స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి, పిండి, మినపగింజంత చోట పది సెకన్లు మెల్లగా తిప్పండి. నెయిల్ పాలిష్ రిమూవర్ దీనికి పనికిరాదు, అందులో నూనెలూ రంగులూ కలుస్తాయి. పుల్ల మీదికి రంగు దిగి, ఆ చోటు వేలికి అంటుకుంటుంటే అది డోపో వినైలో. పుల్ల తెల్లగానే ఉండి, చోటు గట్టిగానే ఉంటే పాలీయురెథేన్ అనుకోవచ్చు. ఈ పరీక్ష ఒక్కసారే, ఒక్క చోటే. అసిటోన్ పని అక్కడితో అయిపోయింది, డబ్బా మూతపెట్టి దూరంగా పెట్టేయండి.

అదే సమయంలో గుడ్డ ఆరోగ్యం కూడా చూడండి. టేపు బంక ఉన్న చోట పూతలో సన్నటి పగుళ్లుంటే అక్కడ తడి పని చేయకూడదు. ద్రావకం పగుళ్లలోంచి దిగి, కరిగిన బంకను గుడ్డ నేతలోకి మోసుకుపోతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ బయటికి లాగలేరు. పైగా ఆ చోట ఏ పూతా పట్టదు. పగుళ్లున్న చోట పొడిగా తీయగలిగినంత తీసి, మిగిలింది ఇంజనీర్‌కు చూపించండి.

బంకలోనూ రెండు జాతులు

మామూలు గోధుమరంగు ముడతల కాగితం మాస్కింగ్ టేపు, బట్ట వేసిన డక్ట్ టేపు, కరెంటు పనివాళ్ల ఇన్సులేషన్ టేపు, వీటిలో ఎక్కువగా ఉండేది రబ్బరు బంక. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ గాలిలోని ఆక్సిజనూ కలిసి ఆ రబ్బరు గొలుసులను ఒకదానికొకటి ముడివేస్తాయి. అలా ముడిపడిన రబ్బరు ఏ ద్రావకంలోనూ పూర్తిగా కరగదు, ఉబ్బుతుంది అంతే. ఎంత రుద్దినా కరగడం లేదని ఘాటు థిన్నర్ కోసం వెతుక్కునేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలియకే పొరపాటు పడతారు. దాన్ని కరిగించాలని చూడొద్దు. ఉబ్బనిచ్చి ఉండలుగా దొర్లించాలి.

నీలం రంగు పెయింటర్ టేపు, బ్రౌన్ ప్యాకింగ్ టేపు, రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపుల్లో చాలావరకు అక్రిలిక్ బంక ఉంటుంది. ఇది ఎండకు అంతగా పాడవదు, పసుపెక్కదు, కానీ నాఫ్తా లాంటివాటికి సరిగా లొంగదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు లొంగుతుంది.

ఏ బంకో తెలియకపోతే రంగు చూడండి. గోధుమరంగుకు తిరిగి పెళుసుగా పొడి రాలితే రబ్బరు. పారదర్శకంగా, ఏళ్లు గడిచినా వేలికి సాగుతూ ఉంటే అక్రిలిక్.

ఏం తెచ్చుకోవాలి, ఏం తేకూడదు

ముఖ్యమైన ద్రావకం నాఫ్తా. లైటర్లలో పోసే ద్రవం ఆ జాతిదే, చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. అంగుళం వెడల్పు, మీటరు పొడవు చారకు 100 మిల్లీలీటర్లు దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. అది దొరక్కపోతే పెయింట్ షాపులో మినరల్ టర్పెంటైన్ అడగండి. ఇది మెల్లగా పనిచేస్తుంది, ఆరాక కాస్త జిడ్డు వదులుతుంది, ఆ జిడ్డును తర్వాత తీసేయాలి. షాపులో 'థిన్నర్' అని మాత్రం అడగకండి. ఊరికే థిన్నర్ అంటే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ చేతిలో పెడతారు. అందులో టోలుయీన్, కీటోన్లు, ఎస్టర్లు ఉంటాయి. డోపును, వినైల్‌ను కరిగించడానికే పుట్టిన మిశ్రమం అది. డబ్బా మీద మినరల్ టర్పెంటైన్ అని ఉందో లేదో చదివి కొనండి.

అక్రిలిక్ బంకకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ ఇస్తే తీసుకోవద్దు. కొన్నిటిలో ఆముదం కలుస్తుంది, అది రంగు మీద పొరలా మిగులుతుంది. ఆల్కహాల్ పీయూ మీద ధైర్యంగా వాడొచ్చు. డోపు మీద మాత్రం జాగ్రత్త, కొన్ని డోపులను అది మెత్తబరుస్తుంది.

పెట్రోలు వద్దు. ఇప్పుడు మన బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, ఆరోమాటిక్ ద్రావకాలూ ఉంటాయి, నిప్పు ప్రమాదం సరేసరి. కిరోసిన్ బంకను తీస్తుంది గానీ దాని జిడ్డు ఒక పట్టాన పోదు. నీలగిరి తైలం, నారింజ తొక్క తైలం వాడమని ఇళ్లలో చెబుతారు. గాజు సీసా మీద అవి భేషుగ్గా పనిచేస్తాయి, మెత్తటి రంగు మీద ఎక్కువసేపు ఉంటే రంగునూ లాగుతాయి. కొబ్బరి నూనె రబ్బరు బంకను ఉబ్బిస్తుంది, రంగుకు హాని తక్కువే. కానీ ఒక్క చుక్క పగులులోకి దిగినా తర్వాత అక్కడ రంగు పట్టదు. సిలికాన్ ఉన్న స్ప్రేలు షెడ్డులోకే రానివ్వకండి. సిలికాన్ తాకిన చోట కొత్త రంగు చేప కళ్లలా గుండ్రంగా విడిపోతుంది.

తుడిచే గుడ్డలకు పాత నూలు పంచె మంచిది. అనేకసార్లు ఉతికి గంజి పూర్తిగా పోయినదై, తెల్లగా ఉండాలి. రంగు దిగుతోందో లేదో తెల్లటి గుడ్డ మీదే తెలుస్తుంది. జానెడు చదరపు ముక్కలు ఒక ఇరవై కోసి పెట్టుకోండి. టెరికాటన్, నైలాన్ గుడ్డలు వద్దు, కారణం కిందే చెబుతాం. నైట్రైల్ గ్లవ్స్, పాలిథిన్ షీటు, మెత్తటి అంచున్న ప్లాస్టిక్ ముక్క (పాత ఏటీఎం కార్డు మూలలు గుండ్రంగా రుద్దితే చాలు), కొత్త మాస్కింగ్ టేపు చుట్ట ఒకటి, కారు షాంపూ, ఆర్‌వో నీళ్ల క్యాను. అనంతపురం బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి మచ్చలు మిగులుతాయి. ముదురు రంగు మీద ఆ మచ్చ చూసి బంక ఇంకా ఉందనుకుని మళ్లీ రుద్దడం మొదలుపెడతారు.

బ్లేడు, ఉక్కు స్క్రేపర్, గిన్నెలు తోమే పీచు, డ్రిల్లుకు బిగించే రబ్బరు చక్రం, హీట్ గన్ దగ్గర పెట్టుకోకండి. దగ్గరుంటే విసుగొచ్చిన క్షణంలో చేయి అటే పోతుంది.

నిప్పు సంగతి

నాఫ్తా ఆవిరి మామూలు వేడికే మండుతుంది. మినరల్ టర్పెంటైన్ క్షేమమని చాలామంది అనుకుంటారు. దాని ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీలు. చల్లటి ఊళ్లలో ఆ మాట చెల్లుతుంది. కర్నూలులో మే మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆ గీత దాటిపోయి ఉంటాం. అంటే టర్పెంటైన్‌ను కూడా పెట్రోలులాగే చూడాలి.

ఈ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. షెడ్డుల్లో ఎయిర్ కూలర్ నేల మీదే ఉంటుంది, దాని స్విచ్‌లోనో మోటారులోనో నిప్పురవ్వ పుట్టొచ్చు. పనికి ముందే కూలర్, టేబుల్ ఫ్యాను ఆపి ప్లగ్గు తీసేయండి. పనిమధ్యలో స్విచ్ వేయడం, ఆపడం వద్దు. విమానం బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి, ఫ్రేమ్‌లో లోహం బయటపడిన చోటు నుంచి భూమికి ఒక తీగ కలపండి. పాలియెస్టర్ గుడ్డను పొడిగా రుద్దితే స్టాటిక్ కరెంటు పుడుతుంది, చలికాలం పొడిగాలిలో ఇంకా ఎక్కువ. టెరికాటన్ గుడ్డ వద్దన్నది ఇందుకే. నైట్రేట్ డోపు వేసిన రెక్క ఒక్కసారి అంటుకుంటే ఆర్పే వ్యవధి ఉండదు. ద్రావకాన్ని రెక్క మీద ఎప్పుడూ పోయకండి, పంచె ముక్కను తడిపి మాత్రమే పెట్టండి. పోస్తే సందుల్లోంచి, రంధ్రాల్లోంచి లోపలికి దిగి రెక్క కడుపులో ఆవిరి నిండుతుంది. అగ్నిమాపక సిలిండర్ చేయి చాపితే అందేలా పెట్టుకోండి.

తడిసిన గుడ్డలను కుప్పగా పడేయకుండా, అడుగున నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూతపెట్టండి.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి

ఎండలో కాలిన రంగు మీద ద్రావకం పెట్టకూడదు. ముదురు రంగు రెక్క మధ్యాహ్నం చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. అప్పుడు నాఫ్తా క్షణాల్లో ఎగిరిపోతుంది, రంగేమో మామూలుకంటే మెత్తగా ఉంటుంది. మనకు కావలసినదానికి అది సరిగ్గా తలకిందులు. ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా, నీడలో, విమానం రాత్రంతా చల్లబడ్డాక చేయండి.

ఆషాఢ శ్రావణాల్లో అనంతపురం వైపు వీచే గాలి గురించి కూడా ఆలోచించుకోవాలి. గాలితో వచ్చిన దుమ్ము బంకకు అంటుకుని గరుకు కాగితంలా తయారవుతుంది. గాలి ఎక్కువున్న రోజు షెడ్డు తలుపులు ఒకవైపే తెరవండి, ఆవిరి బయటికి పోవాలి, దుమ్ము లోపలికి రాకూడదు.

టేపు తీయడం

టేపు ఇంకా మిగిలి ఉంటే ముందు దాని సంగతి చూడాలి. టేపు కొత్తదై బంక మెత్తగా సాగుతుంటే చల్లటి ఉదయమే మంచిది. వేడిలో అలాంటి బంక మధ్యలో చీలి, సగం టేపుకు సగం రంగుకు అంటుకుని వస్తుంది. పాతబడి పెళుసెక్కిన టేపుకు మాత్రం కాస్త వెచ్చదనం కావాలి. జుట్టు ఆరబెట్టే డ్రయర్‌ను తక్కువ వేడిలో, జానెడు దూరంలో, ఆగకుండా కదుపుతూ పట్టండి. మీ అరచేతి వెనకభాగం ఆ చోట ఐదు సెకన్లు హాయిగా ఆగాలి. ఆగలేకపోతే వేడి ఎక్కువైంది. పాలియెస్టర్ గుడ్డ సుమారు 120 డిగ్రీల దగ్గర మళ్లీ ముడుచుకోవడం మొదలుపెడుతుంది. గుడ్డను ఫ్రేమ్‌కు అంటించిన జిగురు అంతకంటే చాలా ముందే మెత్తబడుతుంది. హీట్ గన్ వద్దన్నది అందుకే. ఒక్కచోట ముడుచుకున్న గుడ్డ సన్నటి వెనకంచును వంచేస్తుంది.

లాగేటప్పుడు టేపును దాని మీదికే మడిచి, రెక్కకు ఆనించినట్టుగా, మెల్లగా వెనక్కి తీయండి. నిలువుగా పైకి లాగితే గుడ్డ తబలా చర్మంలా పైకి లేచి, పూత గుడ్డను వదిలేస్తుంది. రెండో చేతి వేళ్లు ఊడుతున్న గీతకు కాస్త వెనక, గుడ్డ మీద మెత్తగా ఆనించి ఉంచండి.

కాగితం పేలికలవుతుంటే షాంపూ నీళ్లలో తడిపిన పంచె ముక్కను దాని మీద ఇరవై నిమిషాలు పరచండి. కాగితం నానుతుంది, గోరుతో పొరలుగా లేస్తుంది. ప్లాస్టిక్ టేపుకు నీళ్లు ఇంకవు, దాన్ని అంచు నుంచే ఓపిగ్గా లేపాలి.

బంక తీయడం

దుమ్ము పోయేలా ముందు షాంపూ నీళ్లతో కడిగి, ఆర్‌వో నీళ్లతో తుడిచి ఆరనివ్వండి. ఈ మెట్టు మానేస్తే తర్వాత ప్రతి తుడుపూ గీతలు పెడుతుంది. కర్నూలు, కడప వైపు నాపరాయి క్వారీల దుమ్ము కంటికి కనబడనంత సన్నగా ఉంటుంది, కనబడలేదని వదిలేయకండి.

ద్రావకం ముట్టకముందు పొడిగా ఎంత వస్తుందో చూడండి. కొత్త మాస్కింగ్ టేపు జానెడు ముక్కను బంక మీద ఒత్తి, మడిచి, వెనక్కి లాగండి. బంకకు బంక అంటుకుని కొంత లేచొస్తుంది. ముక్క మార్చి ఐదారుసార్లు చేయండి. మెత్తటి బంక సగానికి సగం ఇలాగే పోతుంది. అంచులు గట్టిగా పట్టుకుని ఉన్న రంగు మీదే ఈ పని చేయాలి, పొట్టు లేస్తున్న రంగు మీద కాదు.

తర్వాత, వాడబోయే ద్రావకాన్ని మరుగు చోట పరీక్షించండి. తడిపిన దూది రూపాయి బిళ్లంత పెట్టి, పాలిథిన్ కప్పి, ఐదు నిమిషాలు ఆగండి. తీసి గోరుతో మెల్లగా నొక్కి, పక్క చోటుతో పోల్చండి. గోటి గుర్తు పడకూడదు, దూదికి రంగు అంటకూడదు. అరగంట తర్వాత మళ్లీ చూడండి. ముడత గానీ, మెరుపు తగ్గడం గానీ కనిపిస్తే ఆ ద్రావకం ఆ రంగుకు పనికిరాదు.

అంతా బాగుంటే అసలు పని. పంచె ముక్కను నాఫ్తాలో తడిపి, బొట్టు కారకుండా పిండి, బంక చార మీద పరచండి. పైన పాలిథిన్ కప్పండి. కప్పకపోతే మన వేడికి బంకలోకి ఇంకకముందే ఎగిరిపోతుంది. ఒక్కసారికి జానెడు పొడవే పెట్టుకోండి. ఐదు నిమిషాలకు ఒక మూల ఎత్తి చూస్తే బంక రంగు మారి, కాస్త పొంగి, నానిన సగ్గుబియ్యంలా మసకగా కనిపిస్తుంది. అదే గుర్తు. అలా కాకపోతే మళ్లీ తడిపి ఇంకో ఐదు నిమిషాలు. మొండి బంకకు ఇలా నాలుగుసార్లు పట్టొచ్చు. ఆగేది ద్రావకం కోసం, అరచేతి బలం కోసం కాదు.

ఉబ్బిన బంకను గ్లవ్ వేసుకున్న బొటనవేలితో, చార పొడవునా, మెల్లగా దొర్లించండి. చపాతీ పిండి చేతికంటితే రుద్ది ఉండలు రాల్చుకుంటాం కదా, అదే తీరు. రానిచోట ప్లాస్టిక్ కార్డును దాదాపు పడుకోబెట్టి తోయండి. గుడ్డ కింద రిబ్ (రెక్కకు ఆకారమిచ్చే అడ్డపట్టీ) లేని చోట నొక్కితే గుడ్డ లోపలికి దిగుతుంది, పాత డోపు అక్కడ తామర మచ్చలా గుండ్రంగా పగులుతుంది. ఆ పగులు ఆరోజు కనబడకపోవచ్చు, వారం తర్వాత ఎండలో తేలుతుంది.

రిబ్బుల మీద ఇంకో చిక్కుంది. అక్కడ కుట్టు ముడుల మీద ఫినిషింగ్ టేపులు, అంటే విమానంలో భాగమైన గుడ్డ పట్టీలు, అంటించి ఉంటాయి, వాటి అంచులు రంపపు పళ్లలా కత్తిరించి ఉంటాయి. బంక ఆ పళ్ల సందుల్లో దూరి కూర్చుంటుంది. ఎప్పుడూ ఫినిషింగ్ టేపు మధ్య నుంచి బయటికే తుడవండి. బయటి నుంచి లోపలికి తోస్తే ఆ పళ్లు లేస్తాయి. ఒక్క పన్ను లేచినా ఎగిరేటప్పుడు గాలి దాన్ని పట్టుకుని మిగతాదాన్ని ఊడదీస్తుంది. సందుల్లో బంకకు మెత్తటి టూత్ బ్రష్ నాఫ్తాలో ముంచి, విదిలించి, పళ్ల దిశలోనే నాలుగైదు గీతలు గీయండి. అప్పటికీ పోనిది సందులోనే ఉండనివ్వండి, దానివల్ల విమానానికి నష్టం లేదు.

చివరి తుడుపుకు రెండు చేతులూ కావాలి. ఒక చేతిలో తడిగుడ్డ, ఇంకో చేతిలో పొడిగుడ్డ. తడిగుడ్డ ముందు వెళ్తే, ఆరకముందే పొడిగుడ్డ దాని వెనకే రావాలి. ఒక్క గుడ్డతోనే అటూ ఇటూ రుద్దితే కరిగిన బంకను చారకు రెండింతల వెడల్పున పలచగా పులిమినట్టే. ఆరాక అది కనబడదు, దుమ్ము పట్టాక కనబడుతుంది. గుడ్డ ముఖం ప్రతి తుడుపుకూ మార్చండి, నాలుగు ముఖాలూ అయిపోతే కొత్త ముక్క తీసుకోండి.

ప్రతి తుడుపు తర్వాతా గుడ్డను వెలుతురులో చూడండి. పసుపు, గోధుమ రంగు వస్తే అది బంక, పని సాగించండి. విమానం రంగు లేతగా దిగితే రంగు మెత్తబడుతోందని అర్థం. వెంటనే ఆపి, ఏమీ ముట్టకుండా 24 గంటలు వదిలేయండి, డోపూ వినైలూ మళ్లీ గట్టిపడతాయి. గుడ్డ మీద బూడిదరంగు వెండి మెరుపు కనిపించిందంటే రంగు దాటి అల్యూమినియం పూతలో ఉన్నారు. ఎండ నుంచి పాలియెస్టర్‌ను కాపాడేది ఆ పూతే. అది పోయిన చోట మన ఎండకు గుడ్డ నెలల్లోనే బలం కోల్పోతుంది. అక్కడ పని ఆపి, చోటు గుర్తుపెట్టి, విమానం చూసే లైసెన్స్ ఉన్న ఇంజనీర్‌కు చెప్పండి.

అక్రిలిక్ బంకకు తీరు ఇదే, ద్రావకం మారుతుంది, అంతే. పీయూ మీద ఐసోప్రొపైల్, రెండు మూడు నిమిషాల నాన. డోపు మీద అక్రిలిక్ బంక ఉంటే గోరువెచ్చని షాంపూ నీళ్లతో అరగంట నానబెట్టి, కొత్త టేపుతో లేపి, మిగిలిన దానికి నాఫ్తా. మెల్లగా, రెండు మూడు పూటలు పట్టినా సరే.

విండ్‌షీల్డ్ పక్కన పనిచేస్తుంటే దానికి పాలిథిన్ కప్పి అంచు మూసేయండి. ఆల్కహాల్, థిన్నర్ జాతి చుక్కలు ఆ ప్లాస్టిక్‌లో వెంట్రుక పగుళ్లు పుట్టిస్తాయి.

నీడ మిగిలితే

బంక పూర్తిగా పోయినా టేపు ఆకారంలో మచ్చ మిగలడం మామూలే. దాన్ని నీళ్లతో తడిపి చూడండి. తడిగా ఉన్నప్పుడు మచ్చ మాయమైతే అది మెరుపులో తేడా మాత్రమే, చుట్టూ రంగు ఎండకు సున్నంబారింది. పీయూ అయితే చుట్టుపక్కల చేతితో తేలికగా పాలిష్ చేయొచ్చు. డోపు మీద, ముఖ్యంగా రిబ్బుల మీద, పాలిష్‌కు దిగకండి. ఎత్తుగా ఉన్న ఆ గీతల మీదే పూత ముందు అరుగుతుంది. తడిపినా ముదురుగానే కనిపిస్తే రెండింటిలో ఒకటి. టేపు కింద దాగిన అసలు రంగు వెలవకుండా మిగిలిందైనా కావాలి, బంకలోని నూనెలు రంగులోకి ఇంకినవైనా కావాలి. రెండింటినీ ఏ ద్రావకమూ తీయలేదు, రంగు వేస్తేనే పోతుంది.

రంగు వేయాల్సింది విమానాన్ని అదుపు చేసే కదిలే భాగాల (ఎలివేటర్, ఎయిలరాన్, రడ్డర్) మీదైతే ముందే ఇంజనీర్‌తో మాట్లాడండి. వెనకంచు మీద చేరే కొద్దిపాటి పూత బరువు కూడా ఆ భాగాల బ్యాలెన్స్‌ను మారుస్తుంది. బ్యాలెన్స్ తప్పిన భాగం వేగంలో వణకడం మొదలుపెడుతుంది. రంగు తర్వాత బ్యాలెన్స్ మళ్లీ కొలవాల్సిందే. అదంతా ఒక మచ్చ కోసం అవసరమా అంటే, మా మాట అడిగితే, మచ్చనే ఉండనిమ్మంటాం.

మళ్లీ ఇలా కాకుండా

గుడ్డ మీద అతికించాల్సి వస్తే పెయింటర్ల కోసం చేసే తక్కువ పట్టు టేపే కొనండి. అతికించే ముందు మీ ప్యాంటు మీద ఒకసారి అద్ది పట్టు ఇంకాస్త తగ్గించండి. చుట్ట మీద ఎన్ని రోజులు రాసినా ఇక్కడి మే ఎండలో ఆ లెక్క నమ్మొద్దు, ఆ పూటే తీసేయండి. ప్యాకింగ్ టేపు, డక్ట్ టేపు రెక్క దగ్గరికి రానివ్వకండి. కవరు గాలికి కొట్టుకుంటోందని దాన్ని టేపుతో రెక్కకు అంటించే అలవాటు ఉంటే మాని, కవరుకే నాడాలు కుట్టించండి.

పని ముగించే ముందు

షాంపూ నీళ్లతో ఆఖరిసారి కడిగి, ఆర్‌వో నీళ్లతో తుడిచి, రాత్రంతా తలుపులు తెరిచి ఉంచి ఆరనివ్వండి. మర్నాడు ఉదయం ఏటవాలు వెలుతురులో ఆ చోటును పక్క నుంచి చూడండి. ముడత, ఉబ్బు, లేచిన ఫినిషింగ్ టేపు అంచు అప్పుడే కనబడతాయి. అడుగున నీటి రంధ్రాల్లో బంక ఉండలు ఇరుక్కున్నాయేమో పుల్లతో చూడండి. అవి మూసుకుపోతే వానాకాలంలో రెక్కలో నీళ్లు నిలుస్తాయి. బ్యాటరీ తీగ కలపడం ఆవిరి వాసన పూర్తిగా పోయాకే.

కడిగేటప్పుడు నీళ్లు పోకుండా, వేగం, ఎత్తు కొలిచే మీటర్లకు గాలి ఒత్తిడిని అందించే పిటాట్ గొట్టానికీ స్టాటిక్ రంధ్రాలకూ మీరు వేసిన టేపులు మరిచిపోకండి. 1996 అక్టోబర్ 2న లిమా నుంచి లేచిన ఏరోపెరూ 603 బోయింగ్ 757 విమానానికి, కడిగి పాలిష్ చేసేటప్పుడు స్టాటిక్ రంధ్రాల మీద అతికించిన టేపును తీయలేదు. ఎత్తు, వేగం చూపే మీటర్లు తప్పుడు లెక్కలు చూపాయి. విమానం సముద్రంలో పడి 70 మందీ చనిపోయారు. అలాంటి చోట్ల వెండి రంగు టేపు వద్దు, దూరం నుంచే కనబడే ఎర్ర రంగుది వాడి, దానికి జానెడు రిబ్బను వేలాడదీయండి. ఎన్ని ముక్కలు అతికించారో పని మొదట్లోనే కాగితం మీద రాసుకోండి. ఆఖరున చేతిలోకి వచ్చినవి లెక్కపెట్టి, అంకె సరిపోయాకే విమానాన్ని షెడ్డు బయటికి తీయండి.